టిఫిన్ బండికి రెండు బ్యాటరీలు: మూడేళ్ల వాడకం తర్వాత

ఏలూరులో రాత్రిపూట టిఫిన్ బండి పెడతాను. పాత చిన్న డీజిల్ ట్రక్కు మీద కట్టించిన బండి. మొదట్లో లైట్లు, ఫ్యాను, అన్నీ ట్రక్కు బ్యాటరీకే తగిలించాను. ఏడాది తిరక్కుండానే రెండు బ్యాటరీలు పోయాయి. పదకొండింటికి గిన్నెలన్నీ సర్దుకుని తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. అట్లు తిన్నవాళ్లే బండి తోసిన రోజులున్నాయి.

షాపువాడితో గొడవ కూడా పడ్డాను. తప్పు నాదేనని మెకానిక్ బాబాయ్ పాత బ్యాటరీ విప్పి చూపించాడు. లోపల అప్పడాల్లాంటి పల్చటి ప్లేట్లు, బోలెడన్ని. "సెల్ఫ్ కొట్టినప్పుడు రెండు మూడు సెకన్లు వందల ఆంపియర్లు ఇవ్వాలి కదా, అందుకే ఇన్ని. నువ్వేమో రోజూ దీన్ని పిండేస్తున్నావు అబ్బాయ్" అన్నాడు. సెల్ఫ్‌కి పోయేది చాలా కొంచెం, ఇంజను తిరగ్గానే దానితోపాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నింపేస్తుంది. నా సామానుకు 6 ఆంపియర్లు, ఐదు గంటలకు 30 ఏహెచ్ (ఆంపియర్లు ఇంటూ గంటలు). ఆ బ్యాటరీ మొత్తం 50. పావుగంటలో ఇల్లు చేరే బండికి అంత తిరిగి ఎక్కేదెక్కడ? ప్లేట్లకు పట్టించిన మందు, అంటే చార్జ్ నిలిపే ముద్ద, రాలి అడుగున బురదలా చేరింది. మిగిలిన ప్లేట్ల మీద తెల్లగా సల్ఫేటు.

ఆయన చెప్తే ఈ-రిక్షాలకు వేసే 100 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి కొన్నాను. దీని ప్లేట్లు మందం, మందు గొట్టాల్లో కూరి ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా రాలదు. లైట్లు, ఫ్యాను దీనికి. పాత జాగాలో కొత్త బ్యాటరీ ఒక్క సెల్ఫ్‌కే. మధ్యలో రిలే, అంటే తనంతట తానే పడే స్విచ్చు; ఇంజను నడుస్తున్నప్పుడే రెండూ కలుస్తాయి. ఇంటికెళ్లాక ట్యూబులర్‌ని 10 ఆంపియర్ల చార్జరుకు పెట్టి పడుకుంటాను.

కొత్తలో బండి కట్టేశాక కాసేపాగి మీటరు పెడితే 12.4 వోల్టులు ఉండేది. ఇప్పుడు 12.1. అరిగింది, కానీ మూడేళ్లు దాదాపు రోజూ వాడాక అంతేగా. సెల్ఫ్ బ్యాటరీ మాత్రం ఇంతవరకు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కడే ఎత్తే బరువు కాదు. ఎండాకాలం నెల నెలా డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి; ఒక మేలో మర్చిపోతే ప్లేట్లు బయటపడ్డాయి, అప్పటినుంచే కాస్త తగ్గిందని నా అనుమానం. చార్జింగులో గ్యాసు వస్తుంది, పెట్టె మూసేయకూడదు. ఒకసారి సరదాకి దీనితో సెల్ఫ్ కొట్టి చూశా. ఏహెచ్ రెట్టింపే అయినా ఇంజను బద్ధకంగా తిరిగి తిరిగి నాలుగోసారికి అంటుకుంది.

పక్కన జ్యూస్ బండి కుర్రాడికి ఇదంతా రెండుసార్లు చెప్పాను. "రెండో బ్యాటరీ డబ్బు దండగ అన్నా" అంటాడు. నిన్న రాత్రి కూడా తోశాం.