లాల్‌బాగ్ నడకా, నువ్వుల నూనె తలంటా?

48 ఏళ్లొచ్చాక, పొద్దున ఒక గంట నాదని ఇంట్లో చెప్పేశాను. ఆ గంట దేనికివ్వాలి? బెంగళూరు జయనగర్ నుంచి లాల్‌బాగ్ తోటకెళ్లి నడవడమా, ఇంట్లోనే నూనె పట్టించుకుని తలంటుకోవడమా?

లెక్క చూస్తే నడకే గట్టిది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే సరి. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఎముకలు పలచబడతాయి, కాళ్ల మీద బరువు పడే నడక వాటికి మంచిది. పైగా లాల్‌బాగ్‌లో ఉన్న ఆ కొండరాయి! దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. దాని మీద కూర్చుంటే నా వయసు గుర్తొచ్చి నవ్వొస్తుంది. చిక్కల్లా తోడు నడిచేవాళ్లతోనే. వాళ్ల కోడళ్ల గురించిన కబుర్లతో నా గంట కాస్తా కరిగిపోతుంది.

తలంటులో ఎవరూ ఉండరు. గోరువెచ్చని నూనె మోకాలి చిప్ప చుట్టూ రుద్దుతుంటే, ఇన్నాళ్లూ పిల్లల ఒళ్లు రుద్దిన ఈ చేతులు నాకే కొత్తగా తగులుతాయి. సున్నిపిండితో జిడ్డు వదిలించడానికి మాత్రం ఓపిక కావాలి. ట్యాంకర్ నీళ్లు కొనే వేసవిలో బకెట్లూ లెక్కపెట్టుకోవాలి.

నేనైతే ఐదు రోజులు నడక, శనివారం తలంటు అనుకున్నాను. ఆడవాళ్లకు శుక్రవారమే అనేది అమ్మ. శుక్రవారం నాకు ఆఫీసమ్మా!