కుళ్లిన పడవ గోడను మార్చిన ఫైబర్ వర్క్‌షాపు: వరంగల్ అనుభవం

పడవలు బాగుచేసే చోటు వరంగల్‌లో మాకు దొరకలేదు. హుస్సేన్ సాగర్‌లో నడపడానికి ముగ్గురు మిత్రులం కలిసి కొన్న పదహారడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ, హన్మకొండలో మా ఇంటి వెనుక చిరిగిన టార్పాలిన్ కింద రెండు వానాకాలాలు పడి ఉండడంతో, దాని బల్క్‌హెడ్ కుడివైపు పై మూల నుంచి అడుగు దాకా కుళ్లిపోయింది. పడవ కడుపులో అడ్డంగా నిలిచి, పక్కలు లోనికి నొక్కుకుపోకుండా కాచే ప్లైవుడ్ గోడనే బల్క్‌హెడ్ అంటారు. చివరకు ములుగు రోడ్డు వైపున, తలుపులు, నీళ్ల తొట్లు, పార్కుల్లో పెట్టే బొమ్మలు తయారుచేసే ఒక ఫైబర్ వర్క్‌షాపు ఈ పనికి ఒప్పుకుంది.

మేము చెదలు పట్టాయనుకున్నాము. మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో గోడనంతా తట్టి, శబ్దం మందగించిన చోట మొన ఆనిస్తే అది ఉడికిన కందగడ్డలో దిగినట్టు దిగింది. "చెదలు కాదు సార్, ఇది నీళ్ల దెబ్బ" అన్నాడు. ఆయన మాట నిజమే. తెరచాప కొయ్యను ఇరుపక్కలా లాగిపట్టే తీగలు పడవ పైతలమైన డెక్ గుండా దిగిన ఉక్కు పట్టీలకు, ఆ పట్టీలు బోల్టులతో ఈ గోడకు బిగిసి ఉంటాయి. డెక్‌లో పట్టీ దిగే చోట నీరు చొరకుండా పూసిన సీలెంట్ ఎండి పగిలితే, వాన నీరు పట్టీ వెంట జారి బోల్టు రంధ్రాల గుండా ప్లైవుడ్ పొరల్లోకి చేరుతుంది. కుళ్లబెట్టే శిలీంధ్రాన్ని ఉప్పు కొంత అణచిపెడుతుంది కాబట్టి, సముద్రపు నీటికన్నా వాన నీరే చెక్కకు ఎక్కువ చేటు.

ప్లైవుడ్ మేమే కొన్నాము. ఇక్కడి దుకాణాల్లో 'మెరైన్ ప్లై' అడిగేవారిలో ఎక్కువమంది వంటగది సింకు కింది అరల కోసమే అడుగుతారు కనుక, ఆ పేరుతో ఏది చూపినా భారతీయ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర, లైసెన్స్ సంఖ్య ఉన్నాయో లేదో షీటు మీద చూసుకోవాలి. ఆ ప్రమాణం ప్రకారం జిగురు 72 గంటలు మరిగే నీటిని తట్టుకోవాలి. ఐఎస్ 303 సాధారణ రకం. మేము 12 మిల్లీమీటర్ల షీటు తీసుకుని, కోసిన అంచులో ఖాళీలు లేవని చూసుకున్నాము.

పాత గోడను కోసి తీయడంలో, అట్టతో నమూనా చేసుకోవడంలో, గ్రైండర్‌తో పడవ లోపలి పక్కను నాలుగంగుళాల వెడల్పున గీకి శుభ్రమైన ఫైబర్ తేల్చడంలో వీరి చేతికి తిరుగు లేదు. ఎండలు ముదిరిన రోజులు కావడంతో, రెజిన్ (గాజునారను తడిపి అంటించే, ఆరితే గట్టిపడే ద్రవం) పనిని ఉదయం ఏడింటికి ముందే మొదలుపెట్టేవారు. వేడి పది డిగ్రీలు పెరిగితే రెజిన్ గట్టిపడే వ్యవధి దాదాపు సగానికి తగ్గుతుందన్న లెక్క వారు ఎక్కడా చదువుకోలేదు, డబ్బాలో పొగలు కక్కిన రెజిన్‌ను పారబోసి నేర్చుకున్నారు.

చిక్కంతా వారి రోజువారీ అలవాటుతో వచ్చింది. వారు వాడేది పాలిస్టర్ రెజిన్, తరిగిన గాజునారతో చేసిన మ్యాట్. మేము కోరినది చెక్కను మరింత గట్టిగా పట్టుకునే మరో రకం రెజిన్, ఎపాక్సీ. రెజిన్ మార్చడానికి ఒప్పుకున్నారు గాని మ్యాట్ మాత్రం అదే వేయబోయారు. ఆ మ్యాట్‌లో నారను కలిపి ఉంచే పదార్థం పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుందే తప్ప ఎపాక్సీకి కరగదు, అందువల్ల అది బిరుసుగానే ఉండి మూలల్లో సరిగా ఒదగదు. నేసిన గాజుగుడ్డ హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి మూడు రోజులు పోయాయి. గోడ అంచు పడవ చర్మాన్ని నేరుగా తాకితే అక్కడ బయటికి గీత తేలి, కాలక్రమంలో పగులుతుంది కాబట్టి మధ్యలో సన్నని థర్మోకోల్ పట్టీ పెట్టమన్నాను. "కరిగిపోతది సార్" అని మేస్త్రి అడ్డుపడ్డాడు. పాలిస్టర్‌తోనైతే కరిగిపోయేదే, ఎపాక్సీ దానిని తాకదని ఒక ముక్క మీద పోసి చూపాక నమ్మాడు. ఆ తరువాత గోడ అంచులకు మూడు పూతలు పట్టించి, ఇడ్లీ పిండికన్నా కాస్త గట్టిగా కలిపిన ఎపాక్సీతో మూలలను గుండ్రంగా నింపి, ఒకదానికన్నా ఒకటి వెడల్పైన మూడు గుడ్డ పట్టీలను రెండు వైపులా ఎంతో నీటుగా అంటించారు.

నా ఫిర్యాదు బోల్టు రంధ్రాల గురించి. నేను లేని పూట వాటిని నేరుగా తొలిచి, ఉక్కు పట్టీలు బిగించేశారు. రంధ్రాన్ని ముందు పెద్దదిగా తొలిచి, చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ తొలిస్తేనే నీరు చెక్కను చేరదని ముందే చెప్పి ఉన్నాను. డెక్‌లో ఆ పట్టీలు దిగే చీలికను కూడా పాత సీలెంట్ గీకకుండానే పైపైన పూశారు. అడిగితే వాదించకుండా విప్పి మళ్లీ చేశారు, అదనంగా రూపాయి తీసుకోలేదు. కాని చెప్పిన పది రోజుల పని పందొమ్మిది రోజులకు సాగింది. రెజిన్, గుడ్డ, ప్లైవుడ్ మావి కాగా, కూలి పద్నాలుగు వేలు అయింది; పనితనానికి అది ఎక్కువనిపించలేదు. పడవను అక్కడికి తీసుకెళ్లేవారు గుడ్డను ముందే తెప్పించుకుని, రంధ్రాలు తొలిచే రోజున తప్పక దగ్గరుండాలి. జూన్ చివరి వానకు టార్పాలిన్ తీసేసి రాత్రంతా పడవను తడవనిచ్చాము. తెల్లవారి టార్చి వేసి చూస్తే పట్టీల కింద గోడ పొడిగానే ఉంది.