చేతులతోనే మోకాలిని చదివే ఫిజియోథెరపిస్ట్

ఆటలో మెలిక పడిన మోకాలితో వెళ్లాను. ముందు బాగున్న కాలిని పరీక్షించారు, పోల్చుకోవడానికి అదే ఆధారం కదా! తర్వాత లాక్‌మన్ టెస్ట్: మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగారు. అది గట్టిగా ఆగకుండా మెత్తగా జారితే తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగిందన్న అనుమానం. మోకాలిని 90 డిగ్రీలు వంచి ఇలాగే ముందుకు లాగే డ్రాయర్ టెస్ట్‌లో, కొత్త గాయమైతే తొడ వెనక కండరాలు బిగుసుకుని కదలికను దాచేస్తాయని ఓపిగ్గా చెప్పారు. లాక్‌మన్‌లో నాకు గట్టిగానే ఆగింది, సగం టెన్షన్ పోయింది. మోకాలిని వంచి, తిప్పుతూ చాచే మెక్‌ముర్రే టెస్ట్‌లో మాత్రం లోపలి వైపు చురుక్కుమంది. కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ దెబ్బతిందేమో చూడటానికి ఎమ్మారై చేయించమన్నారు. గదిలో తెర సరిగ్గా మూసుకోదు, అది మార్చాలి. వెళ్లేవాళ్లు షార్ట్స్ వేసుకోండి, ప్యాంటు మీద ఈ పరీక్షలు సరిగ్గా కుదరవు.