అత్తింటి వేధింపులు: 498ఏ మేలా, గృహ హింస కేసు మేలా, పంచాయితీ మేలా?

మా పెద్దమ్మ కూతురిని తిరుపతి నుంచి చిత్తూరుకు ఇచ్చారు. పెళ్లయిన రెండో ఏడు చెయ్యి విరిగితే అత్తగారే వెంటబెట్టుకుని పుత్తూరుకు తీసుకెళ్లి వెదురు దబ్బల కట్టు కట్టించింది. బస్సులోనే చెప్పిందట, "ఎవరన్నా అడిగితే మెట్ల మీద జారిపడ్డానని చెప్పు" అని. ఇది అలాగే చెప్పింది. ఎముక అతుక్కుంది గానీ, ఆ చెయ్యి ఎవరు విరిచారో చెప్పే కాగితం ముక్క కూడా మిగల్లేదు. పుట్టింటికి వచ్చేశాక "అక్కా, ఏ కేసు పెడితే మంచిది?" అని అడిగినప్పుడు మాకు మొదట అడ్డం వచ్చింది అదే.

అందరి నోటా ముందు వచ్చేది 498ఏ, అంటే మొగుడో అత్తింటివాళ్లో వేధిస్తే పెట్టే క్రిమినల్ కేసు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, అయినా జనం పాత నంబరే అంటారు. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, జరిమానా. పుట్టింట్లో తలదాచుకుంటున్నా అక్కడి స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి మా చెల్లెలు చిత్తూరు దాకా వెళ్లాల్సిన పని లేదు. కానీ కేసు పెట్టగానే అందరినీ పట్టుకుపోతారనుకోవద్దు, 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత పోలీసులు మామూలుగా ముందు నోటీసే ఇస్తారు. ఎక్కడో ఉన్న ఆడబిడ్డ పేరు, తోడికోడలి పేరు కోపంలో ఇరికించొద్దు. ఎవరు ఏ రోజు ఏం చేశారో రాయకపోతే వాళ్ల మీద కేసు కొట్టేస్తారు, దాంతో అసలు ఫిర్యాదు కూడా పలచబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ కేసు శిక్ష వేయిస్తుందే గానీ నెల తిరిగేసరికి ఇంటి అద్దె, బిడ్డ స్కూలు ఫీజు కట్టదు.

అవి ఇచ్చేది 2005 నాటి గృహ హింస చట్టం. కొట్టొద్దని రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటకుండా నివాస ఉత్తర్వు, నెలనెలా ఖర్చులకు డబ్బు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం అన్నీ ఒక్క పిటిషన్‌లోనే అడగొచ్చు. ఇల్లు అత్తగారి పేరు మీదుంటే కోడలికి హక్కే లేదనే మాట 2020 సుప్రీంకోర్టు తీర్పుతో చెల్లకుండా పోయింది, కోడలు కాపురమున్న ఇల్లయితే అక్కడ ఉండనివ్వమని అడగొచ్చు. అయితే ఆ ఇల్లు ఆమె సొంతమైపోదు, కోర్టు వేరే ఇంటికి అద్దె కట్టమని కూడా అనొచ్చు. అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ వాయిదాలు తప్పవు, అందుకే కేసు తేలేలోపే వర్తించే మధ్యంతర ఉత్తర్వు మొదటి రోజే అడగమని లాయరుకు గట్టిగా చెప్పండి.

ఇక పెద్దమనుషుల పంచాయితీ. దాన్ని నేను తీసిపారేయను, మొగుడు మంచివాడై గొడవంతా మాటలదే అయితే అక్కడే తెగిపోవచ్చు. చెయ్యి చేసుకున్నాక మాత్రం వద్దు. పంచాయితీలో ఇచ్చిన మాట తప్పితే అడిగే దిక్కుండదు, కోర్టు రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలో, ఇరవై వేల దాకా జరిమానానో, రెండూనో పడతాయి. పైగా 498ఏ కేసుకు మూడేళ్ల గడువుంది, "వచ్చే పండగ దాకా చూద్దాం" అంటూ అది కరిగిపోతుంది. తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

నా మాట అడిగితే, తల దాచుకోను చోటు, చేతిలో డబ్బు కావాల్సినవాళ్లు ముందు గృహ హింస కేసు వేయాలి. ప్రాణభయం ఉంటే, కట్నం కోసం ఒళ్లు హూనం చేస్తుంటే 498ఏ ఆలస్యం చేయొద్దు. రెండూ ఒకేసారి నడవొచ్చు కూడా. మా చెల్లెలు గృహ హింస కేసే వేసింది, దెబ్బకు కాగితం లేకపోయినా ఆ రాత్రి వాళ్లమ్మకు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఫోన్‌లోనే ఉన్నాయి.

దెబ్బ తగిలితే పుత్తూరు కంటే ముందు తిరుపతి రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని ఏ సర్కారు ఆసుపత్రికో వెళ్లి, కొట్టారనే చెప్పి ఎం.ఎల్.సి. (కేసుకు పనికొచ్చేలా డాక్టరు రాసే దెబ్బల రికార్డు) రాయించుకోండి. రాత్రయినా పగలైనా పోలీసు సాయానికి 112, మాట సాయానికి మహిళల హెల్ప్‌లైన్ 181. లాయరు ఫీజుకు భయపడొద్దు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది, నంబరు 15100.