విజయనగరం: సిరిమాను ఒక్కరోజుకే వెళ్తే సగం ఊరే చూసినట్టు

పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను చూడ్డానికి విజయనగరం వచ్చేవాళ్లలో చాలామంది మంగళవారం మధ్యాహ్నం దిగి, చీకటి పడగానే తిరుగు బండెక్కేస్తారు. ఈ ఊరి కళలు చూడాలనుకుంటే అది చాలదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు రాత్రి తొలేళ్లు అనే తొలి వేడుక. ఆదివారం సాయంత్రానికే ఊళ్లో ఉండడం మంచిది.

తప్పెటగుళ్లు, పులివేషాలు, కోలాటం బృందాలను నింపాదిగా చూసే వీలు మంగళవారానికి ముందే. మంగళవారం జనంలో మోత వినిపిస్తుంది గానీ కాళ్లు కనిపించవు. తప్పెటగుళ్ల అందమంతా కాళ్లలోనే ఉంది. రొమ్ముకి కట్టుకున్న గుండ్రటి రేకు వాద్యాన్ని రెండు చేతులా వాయిస్తూ, అదే దరువుకి గజ్జెలు పలికిస్తూ, గొంతెత్తి పాడుతూ ఆడాలి. దరువు మారేచోట అందరి అడుగూ ఒక్కసారే మారుతుంది. ఎదురుగా పది అడుగుల ఖాళీ ఉంటేనే అది తెలుస్తుంది.

సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పాలధార, తెల్లఏనుగు, అంజలి రథం, జాలరి వల అనే ఊరేగింపు ఘట్టాలు దాని ముందు నడుస్తాయి. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుంటాడు. జనం అరటిపళ్లు విసురుతారు, కాబట్టి కళ్లజోడు, కెమెరా జాగ్రత్త. మొదటి తిరుగుడుకి తోపులాట ఎక్కువ. పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే రెండోదాని కోసం ఆగడమే మేలు. దారిలోని మేడల మీద చోటు దొరికితే అంతకన్నా కావలసింది లేదు, కానీ అడిగి పెట్టుకోవలసింది ముందురోజే.

బసకి రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ పరిసరాలు అనువు. పండగకి గదులు ముందే నిండిపోతాయి. విశాఖలో మంచి గదులు చాలా ఉన్నాయి, బస్సులకూ కొదవ లేదు. అయితే అక్కడ దిగితే తొలేళ్ల రాత్రి పోయినట్టే. సిరిమాను రోజు విజయనగరంలో దారులు మూసేస్తారు, ఆటో గది దాకా రాదు. సామాను తేలిగ్గా ఉండాలి.

సంగీతం కోసం వచ్చేవాళ్లకి మాత్రం పండగ సరైన కాలం కాదు. 1919లో మొదలైన సంగీత కళాశాలకి హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల చదివింది ఇక్కడే. దసరా సెలవుల్లో తరగతులు ఉండవు. మామూలు పనిదినం చూసుకుని, ఆఫీసులో అనుమతి అడిగి వెళ్లాలి. గురజాడ ఇల్లు కూడా అదే రోజు చూసేయొచ్చు.

ఇంకో రోజు మిగిలితే బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లండి. అక్కడ పనసకర్రతో వీణలు చేస్తారు. బహుమతికిచ్చే చిన్న వీణ వాయించడానికి పనికిరాదని గుర్తుంచుకోవాలి. వాయించే వీణ కొనేటప్పుడు ఏకాండిదో (ఒకే కర్రతో చేసిందో), అతుకులు వేసిందో అడగాలి, కుండ (గుండ్రటి బుర్ర), దండి (పొడవాటి మెడ) కలిసేచోట వేలితో తడిమి చూడాలి. దండి మీద అడ్డంగా ఉండే 24 మెట్లలో ప్రతిదాని మీదా తీగ నొక్కి మీటించి వినాలి. ఒక మెట్టు దగ్గర జీర వస్తే పక్క మెట్టు ఎత్తుగా ఉన్నట్టు, అక్కడే సరిచేయించుకోవాలి. మెట్లు నిలబడేది మైనం మీద. ఎండలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి, శ్రుతి మొత్తం పోతుంది.