తాళాల గుత్తికి కట్టిన బిళ్ల: ఎనిమిది నెలల వాడకం

అంబాజీపేటలో మా కొబ్బరి గోదాముకు మూడు తాళాలు. నిరుడు రెండుసార్లు వాటిని పగలగొట్టించాను. ఆ విసుగుతోనే మా అబ్బాయి మాట విని, పోయిన వస్తువు జాడ చెప్పే, ఆండ్రాయిడ్ ఫోనుతో పనిచేసే బ్లూటూత్ బిళ్లలు రెండు కొన్నాను. ఒకటి తాళాల గుత్తికి, రెండోది చిట్టా పుస్తకాల సంచికి.

ఇంట్లో వీటికి వంక పెట్టలేను. ఫోనులో నొక్కితే చాలు, గుత్తి ఏ దిండు కింద ఉన్నా కూత పెడుతుంది. గడప దాటాకే అసలు కథ. బిళ్లలో జీపీఎస్ ఉండదు. పక్కన పోయే ఎవరి ఫోనో దాని సంకేతం విని, తానున్న చోటును మనకు చేరవేయాలి. అంటే నలుగురు తిరిగే చోటే దీనికి బలం.

ఒకసారి సఖినేటిపల్లి రేవులో దిగి, సంచి పంటు (ఏరు దాటించే పడవ) మీదే మరిచాను. ఫోను తీసి చూస్తే చుక్క వసిష్ఠ గోదావరి నడిమధ్యన ఉంది! లెక్కలన్నీ ఏట్లో కలిశాయనుకున్నాను. కాసేపటికి చుక్క నరసాపురం ఒడ్డుకు చేరింది. పంటులోని ప్రయాణికుల ఫోన్లే దాని జాడ చెబుతున్నాయన్నమాట. తిరుగు పంటు వచ్చేదాకా రేవులోనే నిలబడ్డాను. తగిలించిన చోటే వేలాడుతోంది నా సంచి.

తోటలో మాత్రం చెమటలు పట్టించింది. చెట్ల నుంచి కొబ్బరికాయల దింపు జరుగుతుండగా గుత్తి జారిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, నా ఫోను దాన్ని ఆఖరున పసిగట్టింది పదిన్నరకు, ఆ తోటలోనే. ఆ తరువాత కబురు లేదు. దింపు కార్మికులవి బటన్ ఫోన్లు. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగా జనం రద్దీ ఉన్న చోట్లే ఈ సాయం చేస్తాయి. సెట్టింగుల్లో అన్ని ప్రాంతాలకూ అని మార్చుకోవచ్చు, కానీ నేనొక్కడినీ మార్చుకుంటే సరిపోదు, దారిన పోయేవారూ మార్చుకుని ఉండాలి.

మర్నాడు తోటంతా తిరిగాను. పచ్చికాయల రాశికి రెండడుగుల దూరంలోకి వెళితేగాని ఫోనుకు అందలేదు. కాయల నిండా నీళ్లే కదా, బ్లూటూత్ తరంగాలను నీళ్లు మింగేస్తాయి. కూత నొక్కితే ఒక కార్మికుడు చెవి రిక్కించి, "రాశిలో కీచురాయి దూరిందండీ" అన్నాడు. సగం రాశి తిరగేశాక గుత్తి దొరికింది. ఆ కూత ఇంకాస్త గట్టిగా ఉండవలసింది. పక్కన మోటారు ఆడుతుంటే వినపడదు.

బ్యాటరీ సీఆర్ 2032, ఏ గడియారాల దుకాణంలోనైనా దొరికేదే. ఏడాది వస్తుందని డబ్బా మీద రాశారు. ఇప్పటిదాకా మార్చలేదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. బస్సులు, రేవులు, సంతల్లో తిరిగేవారు నిరభ్యంతరంగా కొనవచ్చు. మా బావమరిది లంకలో మేసే గేదె మెడకు కడతానని ఒకటి అడిగాడు. అక్కడ గేదె చుట్టూ ఉండేవి కొంగలే, ఫోన్లు కావు. ఆ డబ్బుతో ఇత్తడి గంట కొనమన్నాను.