నాన్నతో వియత్నాం: దియెన్ బియెన్ ఫూ నుంచి కూచీ దాకా

మా ఇంట్లో నడవా గోడకు వియత్నాం స్వాతంత్ర్య పోరాట నాయకుడు హోచిమిన్ ఫొటో ఉండేది. ఖమ్మం జిల్లాలో మా వైపు అలాంటి ఇళ్ళు కొన్ని ఉండేవి. "ఒక్కసారి ఆ దేశం చూస్తే చాలురా" అని నాన్న ఎన్నిసార్లు అన్నాడో! ఆయనకు ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఇంకా ఆగితే కుదరదని ఈ మార్చిలో పదకొండు రోజులకు తీసుకెళ్ళాను. ఈ-వీసా 25 డాలర్లు, ఆన్‌లైన్‌లోనే వచ్చింది. బీచ్‌లు, పడవ షికార్లు పెట్టుకోలేదు. ఫ్రాన్స్‌తో, ఆ తర్వాత అమెరికాతో ఆ జనం పోరాడిన చోట్లు చూసి రావడమే మా ప్రయాణం.

హనోయిలో పాత బజారు దగ్గర దిగాం. అక్కడి ఇళ్ళన్నీ సన్నగా, నిలువుగా ఉంటాయి. లిఫ్ట్ ఉందని రాసిన హోటల్లో అది పాడైపోయి ఉంది, మాకిచ్చిన గది నాలుగో అంతస్తులో. పెద్దవాళ్ళతో వెళ్తుంటే ముందురోజే మెసేజ్ పెట్టి కింది గది అడగండి. మాకు రెండో రోజు మార్చారు. మర్యాదకు మాత్రం ఏ లోటూ చెయ్యలేదు.

హోచిమిన్ దేహాన్ని భద్రపరిచి ఉంచిన సమాధి మందిరం సోమ, శుక్రవారాలు మూసేస్తారు. మిగతా రోజుల్లోనూ ఉదయం పూటే. ఏడింటికల్లా క్యూలో ఉండాలి. లోపల ఆగనివ్వరు, మాట్లాడనివ్వరు. తనను దహనం చెయ్యమని ఆయన వీలునామాలో రాసుకున్నాడని చెబితే నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. మందిరం ముందున్న బాదిన్ మైదానంలోనే 1945 సెప్టెంబర్ 2న హోచిమిన్ స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. ఆ ప్రకటన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతోనే మొదలవుతుంది. అదే అమెరికా తర్వాత ఏం చేసిందో తెలిసి అక్కడ నిలబడితే మనసు కలుక్కుమంటుంది.

హనోయిలోనే ఉన్న "హోవా లో" అనే పాత జైలుకు కనీసం రెండు గంటలు పెట్టుకోండి. ఫ్రెంచివాళ్ళు 1896లో కట్టడం మొదలుపెట్టారు. అమెరికన్ పైలట్లను ఉంచిన జైలుగానే బయట పేరు, కానీ లోపల ఎక్కువ భాగం వియత్నామీ ఖైదీల కథే. ఒక కాలికి ఇనప కడ్డీ బిగించి వరుసగా కూర్చోబెట్టిన గది, తల నరికే యంత్రం గిలటిన్, ఖైదీలు పారిపోయిన మురుగు కాలువ ముక్క. ఆడియో గైడ్ తీసుకోండి, దండగ కాదు.

హనోయి నుంచి, 1954లో ఫ్రెంచి సేన ఓడిపోయిన దియెన్ బియెన్ ఫూకి స్లీపర్ బస్సెక్కాం. ఇదొక్కటి నేను చేసిన తప్పు. రాత్రంతా కొండ మలుపులే, బెర్తులో నాన్న కాళ్ళు చాపుకోలేకపోయాడు. హనోయి నుంచి విమానం గంటే. పైగా ఆ విమానం దిగేది 1954లో ఫ్రెంచి సేన వాడుకున్న రన్‌వే ఉన్న చోటనే. తిరుగు ప్రయాణం విమానంలోనే వచ్చాం.

ఊరు చిన్నది. చుట్టూ కొండలు, మధ్యలో మువాంగ్ థాన్ లోయ, కనుచూపు మేర వరి. నాన్న ముందు యుద్ధం గురించి అడగలేదు, నారు ఎన్నాళ్ళకు నాటుతారని అడిగాడు. హోటల్ యజమాని ఫోన్లో అనువాదం పెట్టి అరగంట వ్యవసాయం మాట్లాడాడు. గదులు మామూలు, వేడినీళ్ళు సరిగ్గా రాలేదు. కానీ ఈ ప్రయాణంలో నాన్న సంతోషంగా నిద్రపోయింది అక్కడే.

లోయలో నిలబడి కొండల వైపు చూస్తే యుద్ధం ఎలా జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. కొండల మీదికి ఫిరంగులు ఎక్కించడం ఎవరి తరమూ కాదని ఫ్రెంచి సేనాపతులు నమ్మారు. జనం తాళ్ళతో లాగి ఎక్కించారు. జనవరి చివర్లో, అంతా సిద్ధమయ్యాక, త్వరపడితే ఓడిపోతామని జనరల్ వో ఎన్గుయెన్ జియాప్ దాడి ఆపేశాడు. లాగిన ఫిరంగులను మళ్ళీ వెనక్కి లాగారు. మార్చి 13న మొదలుపెట్టి 56 రోజులు పోరాడారు. మ్యూజియంలో సరుకు మోసిన సైకిల్ ఉంది, హ్యాండిల్‌కి వెదురు కర్ర కట్టి, సీటు పక్కన ఇంకో కర్ర నిలబెట్టి. తొక్కడానికి కాదు, నెట్టుకుంటూ నడవడానికి. రెండు వందల కిలోలకు పైగా బియ్యం దాని మీద వెళ్ళేవి. మా ఊళ్ళో వడ్ల బస్తాలు సైకిల్ మీద నెట్టిన మనిషి నాన్న. దాని దగ్గర్నుంచి ఎంతకీ కదల్లేదు.

ఫ్రెంచి సేన పట్టు నిలుపుకున్న ఏ1 కొండ ఎక్కడానికి మెట్లు తేలికే. పైన మే 6 రాత్రి సొరంగం తవ్వి దాదాపు టన్ను మందుగుండు పేల్చిన గొయ్యి అలాగే ఉంది. మర్నాడు సాయంత్రానికి ఫ్రెంచి సేన లొంగిపోయింది. కొండకు ఎదురుగానే శ్మశానం. వరుసగా తెల్లటి సమాధులు, దాదాపు దేని మీదా పేరు లేదు. నాన్న అగరొత్తులు కొని ఒక్కో వరుసలో ఒకటి గుచ్చుకుంటూ వెళ్ళాడు.

భోజనం గురించి ఒక మాట. మేం గుడ్డు కూడా తినం. బోర్డు మీద "చై" అని కనిపిస్తే అది శాకాహారం. చాంద్రమానం ప్రకారం ఒకటో తేదీ, పదిహేనో తేదీ చాలామంది అక్కడివాళ్ళే శాకాహారం తింటారు కాబట్టి ఆ మాట అందరికీ తెలుసు. చేప సాస్ వద్దని మాత్రం విడిగా చెప్పాలి, కూరగాయల్లోనూ వేస్తారు. కొండ ప్రాంతంలో జిగురు బియ్యం అన్నం, నువ్వులపొడితో రోజులు గడిపాం.

హనోయి నుంచి హ్యూకి రాత్రి రైలు. నాలుగు బెర్తుల గది శుభ్రంగా ఉంది. హ్యూలో కారు మాట్లాడుకుని ఉత్తరంగా బెన్‌హాయి నది దాకా వెళ్ళాం. 1954 జెనీవా ఒప్పందంలో ఈ నదే తాత్కాలిక హద్దు. రెండేళ్ళలో ఎన్నికలు పెట్టి దేశాన్ని కలపాలన్నారు. దక్షిణాన అమెరికా అండతో నిలబడిన ప్రభుత్వం ఆ ఎన్నికలు జరగనివ్వలేదు. ఒప్పందం అమలు చూసే కమిషన్‌కు మన దేశమే అధ్యక్షత వహించింది. ఆ నది మీది హియెన్ లువాంగ్ వంతెన సగం నీలం, సగం పసుపు. నడిచి దాటడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. రెండేళ్ళని చెప్పి విడిపోయిన కుటుంబాలు 21 ఏళ్ళు ఎదురుచూశాయి.

అక్కడికి దగ్గర్లోనే విన్ మోక్. బాంబులు తట్టుకోలేక ఊరు ఊరంతా భూమిలోకి దిగిపోయింది. 12, 15, 23 మీటర్ల లోతుల్లో మూడు అంతస్తులు. లోపలే 17 మంది పిల్లలు పుట్టారు. పురుడు పోసిన గది మన వంటింట్లో పావు వంతు ఉండదు. సొరంగం వెడల్పు చెయ్యలేదు, అయినా కాస్త వంగి నడవచ్చు. నాన్న కూడా ఒక అంతస్తు దిగాడు. బయటికొస్తే ఎదురుగా సముద్రం. జనం చాలా తక్కువ.

సైగాన్ (ఇప్పటి హోచిమిన్ సిటీ) దగ్గర కూచీ సొరంగాలకు మాత్రం అందరూ వెళ్తారు. బెన్ యువోక్ వైపు తీసుకెళ్తామని డబ్బు కట్టించుకున్న టూర్ సంస్థ, రద్దీగా ఉండే బెన్ దిన్‌కి తీసుకెళ్ళింది. అడిగితే రెండూ ఒకటేనన్నారు. ఒకటి కాదు. బెన్ యువోక్‌లో 44 వేలకు పైగా అమరుల పేర్లు చెక్కిన ఆలయం ఉంది, నాన్న చూడాలనుకున్నది అదే. బెన్ దిన్‌లో సొరంగాలు టూరిస్టుల కోసం వెడల్పు చేశారు. పక్కనే డబ్బులిచ్చి తుపాకీ పేల్చే చోటు, ఆగకుండా ఆ మోత. యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ నేల మీద ఆ ఆట నాకు నచ్చలేదు. మీరు వెళ్తే సొంత కారులో బెన్ యువోక్‌కే వెళ్ళండి.

మళ్ళీ వెళ్ళే వీలుంటే సైగాన్‌లో ఒక రోజు తగ్గించి బెన్‌హాయి నదికి దగ్గరి ఊరు డాంగ్ హాలో రెండు రాత్రులు ఉంటాను. సైగాన్‌లోని యుద్ధ అవశేషాల మ్యూజియం (వార్ రెమ్నంట్స్) మాత్రం వదలను. అమెరికా సేన అడవుల మీద చల్లిన విషపు మందు ఏజెంట్ ఆరెంజ్ గురించిన గదిలోకి పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోండి. నాన్న ఆ గదిలోంచి బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగలేదు. కాసేపయ్యాక, దియెన్ బియెన్ ఫూలో అగరొత్తులు అందని వరుసలు ఎన్ని మిగిలాయో నీకు గుర్తుందా అని అడిగాడు.